తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లో ప్రవాస సాహిత్య పత్రిక పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (క్లుప్తంగా): న్యూజెర్సీలో ఉంటున్న నలుగురు స్నేహితులు ప్రవాస రచయితల కోసం ఒక ఆన్‌లైన్ సాహిత్య పత్రిక పెట్టాలనుకుంటున్నారు. ప్రతి కథా, ప్రతి కవితా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి, నెలనెలా సంచిక రావాలి, తమ పిల్లలు కూడా చదవాలి అన్నది వాళ్ళ ఆలోచన. ఇది జరిగే పనేనా, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

జరిగే పనే. తప్పకుండా పెట్టండి. కానీ మీ ప్లాన్‌లో రెండు విషయాలు ఇప్పుడే మార్చుకోండి. ప్రతి రచననూ రెండు భాషల్లో వేయాలన్న నియమం తీసేయండి. నెలకోసారి బదులు మూడు నెలలకోసారి అనుకోండి. ఖర్చు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. డొమైన్, హోస్టింగ్ కలిపి ఏడాదికి అయ్యేది మీ నలుగురూ సులువుగా పంచుకోగలిగినంతే. మీకు నిజంగా కరువయ్యేది టైమ్. ముఖ్యంగా రెండు భాషలూ బాగా చదవగలిగిన మనిషి టైమ్.

నేను చాలా ఏళ్ళుగా ఇలాంటి ఒక పత్రిక సంపాదకవర్గంలో పని చేస్తున్నాను. మొదట తెలుగు రచనలు చూసేవాణ్ణి, తర్వాత అనువాదాల బాధ్యత తీసుకున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే.

రెండు భాషల పత్రిక అంటే రెండు పత్రికలు నడపడమే. ముందు ఈ లెక్కకు సిద్ధపడాలి. తెలుగు కథ చదివేవాళ్ళు ఒకరు, అదే కథ ఇంగ్లిష్‌లో చదివేవాళ్ళు ఇంకొకరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు చాలా తక్కువ, వాళ్ళలో ఎక్కువమంది అనువాదకులే. తెలుగు పాఠకుడికి ఊరు తెలుసు, వరసలు తెలుసు, ఎవరు ఎవరింటికి ఎందుకు రారో తెలుసు. అతను చూసేది కథనం, భాష. ఇంగ్లిష్ పాఠకురాలికి, అంటే మీ ఇంట్లో పెరుగుతున్న అమ్మాయికే అనుకోండి, అవేవీ తెలియవు. కానీ ఆమె స్కూల్లో ప్రపంచంలోని మంచి కథలన్నీ చదివి ఉంటుంది. పేలవమైన వాక్యం రెండో లైన్లోనే పట్టేస్తుంది, పేజీ మూసేస్తుంది. కాబట్టి ఇంగ్లిష్ భాగానికి ఇంగ్లిష్‌లో సాహిత్యం చదువుకున్న సంపాదకురాలో సంపాదకుడో విడిగా ఉండాలి. తెలుగు బాగున్నంత మాత్రాన ఆ ఇంగ్లిష్ బాగుందని అనుకోకూడదు. నచ్చకపోతే వద్దని చెప్పే అధికారం ఆ మనిషికి పూర్తిగా ఇవ్వాలి.

ప్రతి రచననూ అనువదించాలని నియమం పెట్టుకుంటే ఏమవుతుందో చెబుతాను. సంచికకు పది రచనలు అనుకుందాం. పది అనువాదాలు కావాలి. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చునే మంచి అనువాదకుడికి ఒక మామూలు కథకు నెల రోజులు పడుతుంది. మీ దగ్గర అలాంటి వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా కథలు రచయితలే చేసుకుని పంపుతారు, లేదంటే మెషీన్‌లో వేసి పంపుతారు. సంచిక బయటికి వెళ్ళాలి కాబట్టి మీరు వేసేస్తారు. అలా వచ్చిన ఒక్క అనువాదం చదివిన ఇంగ్లిష్ పాఠకులు తెలుగు కథలన్నీ ఇలాగే ఉంటాయనుకుని వెళ్ళిపోతారు. సంచికకు రెండు అనువాదాలు వేయండి, మూడు వేయండి. కానీ అవి ఎవరికైనా గర్వంగా పంపుకునేలా ఉండాలి.

ప్రపంచంలో ఈ పని పద్ధతిగా చేస్తున్న పత్రికలను ఒకసారి చూడండి. వర్డ్స్ వితౌట్ బార్డర్స్ 2003లో, అసింప్టోట్ 2011లో మొదలయ్యాయి. అసింప్టోట్‌లో అనువాదం దగ్గరే మూల రచన కూడా చదువుకోవచ్చు, కొన్నిటికి మూల భాషలో వినడానికి ఆడియో కూడా ఉంటుంది. ఆ పద్ధతి తెలుగుకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే మన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, లిపి మాత్రం రాదు. కథకు రచయిత గొంతుతో ఆడియో జత చేస్తే మీరు కోరుకున్న పాఠకుల్లో సగం మంది ఆ దారిలోనే వస్తారు. ఫోన్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసినా సరిపోతుంది.

తెలుగులో మీకంటే ముందు నడిచినవాళ్ళను కూడా చదవండి. ఈమాట అమెరికా నుంచి 1998లో మొదలైంది. కంప్యూటర్ తెరమీద తెలుగు చూడటమే కష్టంగా ఉన్న రోజులవి. రైస్ యూనివర్సిటీ పేరు మీదుగా వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైప్ చేసుకునేవాళ్ళు. కౌముది 2007 నుంచి పీడీఎఫ్ మాసపత్రికగా వచ్చింది. నెచ్చెలి 2019లో స్త్రీల కోసం, తెలుగు ఇంగ్లిష్ రెండింట్లో, కాలిఫోర్నియా నుంచి మొదలైంది. ఈ మూడింటి పాత సంచికలు కొన్ని తీరిగ్గా చదివితే ఏ రకం రచనలకు చోటు ఉంది, ఏ రకానికి లేదు అన్నది మీకే తెలుస్తుంది. లేని చోట మీరు నిలబడాలి. వాళ్ళు చేస్తున్నదే మళ్ళీ చేస్తే రచయితలూ వాళ్ళే, పాఠకులూ వాళ్ళే అవుతారు.

అనువాదం ఇద్దరి చేత కలిపి చేయించండి. మాకు బాగా కుదిరిన పద్ధతి ఇది. ఒకరు ఇండియాలో చదువుకుని వచ్చిన పెద్దవాళ్ళు, ఇంకొకరు ఇక్కడ పుట్టి పెరిగిన యువకుడో యువతో. పెద్దాయన తెలుగు వాక్యం చదివి చెబుతాడు, ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లో రాస్తుంది, అర్థం కానిచోట అడుగుతుంది. వారానికో గంట వీడియో కాల్‌లో సాగుతుంది. నిదానమే, కానీ ఆమె అడిగే ప్రశ్నల వల్ల తెలుగు కథ కూడా బాగుపడుతుంది.

ఒక ఉదాహరణ. మాకు వచ్చిన ఒక కథలో పాలేరుగా పని చేసే ముసలాయన కబురు చెప్పడానికి ఆసామి ఇంటికి వస్తాడు. అరుగు దగ్గరే నిలబడి, విషయం చెప్పి, నీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. తెలుగులో చదివిన మాకెవరికీ అందులో ఏమీ లోటు కనిపించలేదు. అనువాదం చేస్తున్న అమ్మాయి మాత్రం ఆగిపోయి, "అంత ఎండలో నడిచి వస్తే లోపలికి ఎందుకు పిలవలేదు? వాళ్ళకు ఆయనంటే కోపమా?" అని అడిగింది. కులం సంగతి చెప్పాక ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ మాట కథలో ఎక్కడా లేదు కదా" అంది. ఫుట్‌నోట్ వేద్దామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. రచయితకే ఫోన్ చేసి విషయం చెప్పాం. ఆయన ఒక్క వాక్యం కలిపారు: అరుగు చూరులో బోర్లించి పెట్టిన గ్లాసు ముసలాయన తనే తీసుకుని, నీళ్ళు పోయించుకుని తాగి, కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాడు. తెలుగు ప్రతిలో కూడా ఆ వాక్యం ఉంచమని ఆయనే అడిగారు. తెలుగు పాఠకులకు ఆ విషయం తెలుసు నిజమే, కానీ తెలిసిన విషయం మీదుగా కళ్ళు జారిపోతాయి. గ్లాసు కనిపించాక ఎవరి కళ్ళూ జారవు.

అందుకే అనువాదాన్ని సంచిక తయారయ్యాక చివర్లో చేసే పనిగా పెట్టుకోకండి. ఏ కథ అనువాదానికి వెళ్తుందో ముందే తేల్చుకుని, తెలుగు ప్రతి ఖరారు కాకముందే అనువాదకులకు ఇవ్వండి. రచయిత అందుబాటులో ఉండాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. దీనికి ఒప్పుకోని రచయిత కథ తెలుగులో మాత్రమే వేయండి.

మెషీన్ అనువాదం గురించి కూడా ఒక మాట, ఎలాగూ అడుగుతారు కాబట్టి. ఏఐ ఇచ్చే ఇంగ్లిష్ పైకి నున్నగా ఉంటుంది, ఇబ్బంది అక్కడే వస్తుంది. సిరిసిల్ల మనిషి మాటా, పాలకొల్లు మనిషి మాటా ఒకే రకంగా బయటికి వస్తాయి. పేజీలో ఉన్న కోపం, వెటకారం, మొహమాటం అన్నీ ఒకే మట్టానికి దిగిపోతాయి. మెషీన్ వాడితే చెప్పి తీరాలని మీ నియమాల పేజీలో రాయండి. వాడిందని తెలిసిన ప్రతిని మనిషి చేత మొదటినుంచీ మళ్ళీ చేయించండి.

పిల్లలు చదవాలంటే పిల్లలు రాయాలి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. అమ్మానాన్నల కథల ఇంగ్లిష్ అనువాదాలు పెట్టినంత మాత్రాన పిల్లలు వచ్చి చదవరు. వాళ్ళకు చదవడానికి చాలా ఉంది. కానీ వాళ్ళ స్నేహితురాలి కథ అందులో వస్తే చదువుతారు. కాబట్టి ఇంగ్లిష్ భాగాన్ని అనువాదాలకు మాత్రమే పరిమితం చేయకండి. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలు, పాతికేళ్ళ యువతీయువకులు నేరుగా ఇంగ్లిష్‌లో రాసినవి తీసుకోండి. తెలుగు ఊళ్ళ గురించే రాయాలని, పండగల గురించే రాయాలని షరతు పెట్టకండి. వాళ్ళు హైస్కూల్ లంచ్ టేబుల్ గురించి రాస్తారు, ఉద్యోగం పోయిన నాన్న గురించి రాస్తారు, వేసవిలో వెళ్ళినప్పుడు తమతో ఎవరూ సరిగా మాట్లాడని అమ్మమ్మగారి ఇంటి గురించి రాస్తారు. కొన్ని మనకు నొప్పిగా ఉంటాయి. వేయండి.

ఆ తర్వాత చాలా పత్రికలు చేయని పని ఒకటి చేయండి. ఆ ఇంగ్లిష్ రచనలను తెలుగులోకి తెండి. ద్విభాషా పత్రిక అనగానే తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి వెళ్ళే దారి ఒక్కటే అందరికీ గుర్తొస్తుంది. నా అనుభవంలో ఎక్కువ ఉత్తరాలు వచ్చింది రెండో దారిలో వెళ్ళిన రచనలకే. ఇక్కడ పుట్టిన ఒక అమ్మాయి తన తాతయ్యతో ఆదివారం ఫోన్ కాల్ గురించి కవిత రాసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, కాబట్టి వాతావరణం గురించీ తిన్న కూరల గురించీ మాత్రమే మాట్లాడుకుంటారు. మేం దాన్ని తెలుగులో వేశాం. ఖమ్మం నుంచి, తెనాలి నుంచి, అనంతపురం నుంచి పెద్దవాళ్ళు ఉత్తరాలు రాశారు. మా మనవరాలు కూడా ఇలాగే అనుకుంటోందా అని అడిగారు. ఆ కవితను తెలుగు చేయకపోతే ఆ మాట ఆ ఇళ్ళకు చేరే దారే లేదు. మీ పత్రికకు ఏదైనా ప్రత్యేకత ఉండాలనుకుంటే అది ఇదే కావాలని నా కోరిక.

ఇక ప్రవాసం అంటే అమెరికా ఒక్కటే కాదు. మీరు న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి వచ్చే రచనల్లో ఎక్కువ భాగం ఐటీ ఉద్యోగుల ఇళ్ళ నుంచే వస్తాయి. అది సహజం. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య 2010, 2017 మధ్య 86 శాతం పెరిగిందని సెన్సస్ లెక్కల మీద ఆధారపడి చేసిన ఒక పరిశీలనలో తేలింది. రాసేవాళ్ళు పెరుగుతూనే ఉన్నారు. కానీ జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ వెళ్ళినవాళ్ళు, కోనసీమ నుంచీ రాయచోటి వైపు నుంచీ కువైట్‌కు ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ప్రవాసులే. వాళ్ళు ఈమెయిల్‌కి వర్డ్ ఫైల్ జత చేసి పంపరు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమని అడగండి, మీరు విని రాయండి, రాసింది వాళ్ళకు చదివి వినిపించి ఒప్పుకున్నాకే వేయండి. పేరు బయటపెడితే ఉద్యోగానికి ఇబ్బంది ఉంటుందేమో తప్పకుండా కనుక్కోండి. వాళ్ళ మాట తీరును దిద్దకండి. మారిషస్‌లో, మలేసియాలో తరాల క్రితం తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు ఉన్నారు. వాళ్ళలో చాలామంది రాసేది ఇప్పుడు ఇంగ్లిష్‌లోనో ఫ్రెంచ్‌లోనో. రెండు భాషల పత్రిక కాబట్టి వాళ్ళకు మీ దగ్గర చోటుంటుంది. తెలుగు పత్రికలో ఉండదు.

రచయితతో కూర్చుని దిద్దడమే సంపాదకుల పని. వెబ్‌సైట్, లోగో, ముఖచిత్రం, ప్రారంభ సభ, ఇవన్నీ తర్వాత. ఆన్‌లైన్ పత్రికల్లో వచ్చింది వచ్చినట్టు వేసేసే అలవాటు ఎక్కువ. స్నేహితుడి కథ కాబట్టి, పెద్దాయన కాబట్టి, సంఘంలో పదవి ఉంది కాబట్టి వేయడం ఇంకా ఎక్కువ. అలాంటి సంచికలు రెండు వచ్చాయంటే మంచి రచయితలు తమ కథలు మీకు పంపడం మానేస్తారు.

దిద్దడం అంటే ఏమిటో చూడండి. ప్రవాస కథల్లో మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల కథలు. చాలావరకు ఎయిర్‌పోర్ట్‌లో మొదలవుతాయి. తర్వాత కిటికీలోంచి మంచు, తర్వాత ఎవరూ కనబడని వీధులు. ఒక రచయిత్రి పంపిన కథ కూడా అలాగే మొదలైంది. రెండో పేజీ చివర్లో మాత్రం, చలికి పిండి పులవడం లేదని అమ్మ దోసెల పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసి ఉంచుతుంది. తెల్లవారుజామున ఆ లైటు వెలుగులో గిన్నె మూత తీసి చూసుకుంటూ వంటింట్లో ఒక్కతే నిలబడి ఉంటుంది. అల్లుడు మంచినీళ్ళకు వచ్చి చూసి, కరెంటు వృథా అని లైటు తీసేస్తాడు. మేం ఆ రచయిత్రికి ఫోన్ చేసి, ఓవెన్ దగ్గర మొదలుపెట్టండి, దానికి ముందున్నదంతా తీసేయండి అన్నాం. ఆమె మొదట ఒప్పుకోలేదు. వారం తర్వాత తనే కథను మళ్ళీ రాసి పంపారు. ఎయిర్‌పోర్ట్ లేదు, మంచు ఒక వాక్యంలో ఉంది, అల్లుడు కూడా మొదటిసారి కంటే మంచి మనిషిగా కనిపించాడు. అలా ఒక కథ మీద నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడే ఓపిక మీ నలుగురిలో ఎవరికి ఉందో వాళ్ళే సంపాదకులు కావాలి. వేరే లెక్కలేవీ పెట్టుకోకండి.

మొదటిరోజే కాగితం మీద పెట్టుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సంపాదకులు తమ రచనలు తమ పత్రికలో వేసుకోకూడదు. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్ని అచ్చయినట్టు లెక్కేస్తారా లేదా ముందే చెప్పాలి. రచన అందిందని వెంటనే, తీసుకుంటున్నారో లేదో ఆరు వారాల్లోగా చెప్పాలి. తిప్పి పంపేటప్పుడు కారణం రెండు వాక్యాల్లో రాయాలి. తెలుగు రచయితలకు తిరస్కరణ కంటే ఎక్కువ బాధ కలిగించేది నెలల తరబడి జవాబు రాకపోవడం.

టెక్నికల్ విషయాలు మీలో ఐటీ వాళ్ళు ఉంటారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను, కానీ తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పులు కొన్ని ఉన్నాయి. ఇండియా నుంచి సీనియర్ రచయితలు "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేయించిన ఫైళ్ళు పంపుతారు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే ఇప్పటి పద్ధతిలోకి, మార్చినప్పుడు వత్తులు గల్లంతవుతాయి, కాబట్టి మార్చాక అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాలి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే "వే" విడిగా నిలవకుండా "సాఫ్ట్వేర్" అని వత్తుగా కిందికి దిగిపోతుంది. ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌లోకి కాపీ చేసేటప్పుడు అది తరచూ పోతుంది. పేజీ అడ్రసులు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు ఒక్కో అక్షరం తొమ్మిదేసి గుర్తులుగా మారి లింకు మూడు లైన్లు అవుతుంది. ప్రతి పేజీ కోడ్‌లో అది తెలుగో ఇంగ్లిషో చెప్పే ట్యాగ్ ఉండాలి, లేకపోతే చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్లు సరిగా చదవలేవు. నోటో సెరిఫ్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంట్లు చాలు.

తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురుగా రెండు వరసల్లో పెట్టాలని అందరికీ ఉంటుంది. ఫోన్లో అది చదవడానికి వీలుకాదు, మీ పాఠకుల్లో ఎక్కువమంది చదివేది ఫోన్లోనే. పేజీ పైన భాష మార్చుకునే బటన్ ఒకటి పెట్టండి. కవితలకు మాత్రం ప్రత్యేక శ్రద్ధ కావాలి. పొడుగు పాదం ఫోన్ తెర మీద రెండుగా విరిగినప్పుడు రెండో ముక్క కాస్త లోపలికి జరిగి కనిపించాలి. లేకపోతే కవి ఎక్కడ విరిచాడో, ఫోన్ ఎక్కడ విరిచిందో తెలియదు. పీడీఎఫ్ కూడా ఇవ్వండి, కానీ పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే గూగుల్ వెతుకులాటలో ఒక్కో కథ విడిగా దొరకడం కష్టం.

హక్కుల సంగతి రాతలో ఉండాలి. రచయితల దగ్గర మొదటిసారి ఆన్‌లైన్‌లో ప్రచురించే హక్కు, పాత సంచికల్లో ఉంచుకునే హక్కు, అనువాదం చేయించే హక్కు, ఈ మూడే తీసుకోండి. కాపీరైట్ రచయితదే. భారత కాపీరైట్ చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ భావిస్తారు. మీ పత్రిక ఇంటర్నెట్‌లో ఉంటుంది కాబట్టి "ప్రపంచవ్యాప్తంగా" అన్న మాట, ఎన్నాళ్ళన్న మాట తప్పకుండా రాయండి.

పాత కథలను అనువదించాలనుకుంటే ఇంకా జాగ్రత్త. అనువాద హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే. ఇండియాలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు లెక్క. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు, ఆ గడువు 2021 చివరికి నిండింది. చలంగారు 1979లో, కొడవటిగంటి కుటుంబరావుగారు 1980లో పోయారు కాబట్టి వారి రచనలకు ఇంకా అనుమతి కావాలి. మీరు అమెరికా నుంచి నడుపుతున్నారు కనుక అక్కడి లెక్క కూడా చూడాలి. 1978కి ముందు అచ్చయిన వాటికి సాధారణంగా అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు. ఎవరి కథ వేయాలన్నా ముందు వారసులకు ఉత్తరం రాయడమే మంచి పద్ధతి. మాకు దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

డబ్బు దగ్గరికి వస్తే, అనువాదకులకు కొద్దిగానైనా ఇవ్వండి. విరాళాలు తీసుకోవాలనుకుంటే 501(సి)(3) సంస్థగా, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థగా, నమోదు చేసుకోవచ్చు. ఏడాది రాబడి 50,000 డాలర్లు దాటని చిన్న సంస్థలకు ఫారం 1023-ఈజెడ్ అనే చిన్న దరఖాస్తు ఉంది, దాని ఫీజు 275 డాలర్లు. మీలో కానీ మీ రచయితల్లో కానీ హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు ఉంటే, వాళ్ళకు పారితోషికం ఇచ్చే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఆ వీసా మీద స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరేచోట డబ్బుకు పని చేయకూడదు. పత్రికలను గుర్తించడానికి ఇచ్చే ఐఎస్ఎస్ఎన్ నంబరుకు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర డబ్బు కట్టక్కర్లేదు. మొదటి సంచిక రాగానే తీసుకోండి, యూనివర్సిటీల్లో ఉన్న రచయితలకు అది పనికొస్తుంది.

పాత సంచికలు నిలబెట్టుకోవడం మీద నాకు చాలా పట్టింపు ఉంది. అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా సభల సావెనీర్లలో (ప్రత్యేక సంచికల్లో) ఎన్ని మంచి కథలు వచ్చాయో. ఇప్పుడవి ఎవరి బేస్‌మెంట్‌లో ఉన్నాయో వెతుక్కోవాలి. ఆన్‌లైన్‌లో ఉంటే శాశ్వతం అనుకుంటాం. డొమైన్ రెన్యూ చేసే మనిషి ఉద్యోగం మారి బిజీ అయితే పదేళ్ళ సాహిత్యం ఒక్కరోజులో మాయమవుతుంది. డొమైన్, హోస్టింగ్ పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉండాలి. ప్రతి సంచిక వచ్చిన వారంలోగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక కాపీ పెట్టాలి. మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోవాలి.

ఇక మొదటి సంచికకు ఏం కావాలన్నది. ప్రకటన ఇచ్చి కూర్చుంటే మొదటిసారి వచ్చేవి ఎక్కువగా ఇప్పటికే అన్నిచోట్లకూ పంపినవే. మీకు నచ్చిన రచయితలకు మీరే ఉత్తరాలు రాసి అడగండి. మూడు తెలుగు కథలు, నాలుగైదు కవితలు, ఇక్కడ పెరిగినవాళ్ళు ఇంగ్లిష్‌లో రాసినవి రెండు, గల్ఫ్ నుంచి ఒక అనుభవం. వీటిలో ఒకటి తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి, ఒకటి ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి. రెండో సంచిక రచనలు కూడా చేతిలోకి వచ్చాకే మొదటిది బయటపెట్టండి. మీ నలుగురిలో తెలుగు ఎవరు చూస్తారు, ఇంగ్లిష్ ఎవరు చూస్తారు అన్నది ఇంకా తేలకపోతే ఆ వివరాలు ఇక్కడే రాయండి. ఎవరేం చదివారో, వారానికి ఎన్ని గంటలు కేటాయించగలరో చెబితే పని ఎలా పంచుకోవచ్చో నాకు తోచింది చెబుతాను.